గోదారి కనిపించినంత మేరకే వంశీ గొప్పా?

వంశీ తీసిన ఉత్తమ చిత్రాల జాబితా వేయమని ఏ పదిమంది తెలుగు సినీప్రియులను అడిగినా పది జాబితాలూ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. శిఖరాన 'లేడీస్ టైలర్' గానీ 'సితార' గానీ. ఆ తరువాత 'ఏప్రిల్ 1 విడుదల', 'చెట్టు కింద ప్లీడరు'. జాబితా వేసినవారి వయసు కొంచెం తక్కువైతే 'ఔను వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు' కూడా పైకి ఎగబాకుతుంది. 'అన్వేషణ' ఎక్కడో చివర, పాటల కోసం. 'శ్రీ కనకమహాలక్ష్మి రికార్డింగ్ డాన్స్ ట్రూప్' అయితే "అదీ బాగుంటుంది" అన్న మాటతో సరి. ఈ వరుసతో నాకు పేచీ ఉంది. పేచీ ఆ చిత్రాలతో కాదు, వాటిని తూచిన తక్కెడతో.

ఆ తక్కెడకు రెండే రాళ్ళు. ఒకటి, గోదారి ఎంతసేపు కనిపించింది? రెండు, ఎంతసేపు నవ్వాం? ఈ రెండు రాళ్ళూ వంశీని తూచడానికి పనికిరావని నా వాదన. పనికిరాకపోవడమే కాదు, ఆయనకూ, ఆయన పుట్టిపెరిగిన డెల్టాకూ కూడా హాని చేస్తున్నాయి.

మొదటి రాయి సంగతి చూద్దాం. తెలుగు తెర మీద గోదావరిని చూపించిన మొదటివాడు వంశీ కాదు. 1964లో 'మూగమనసులు' వచ్చింది, ఆ నదీ ఆ పడవా లేకపోతే ఆ కథే లేదు. 1973లో బాపు రమణలు 'అందాల రాముడు' కోసం కథను మొత్తంగా లాంచీ ఎక్కించారు. 2006లో శేఖర్ కమ్ముల ఏకంగా నది పేరే చిత్రానికి పెట్టారు. నదిని అందంగా చూపడమే గొప్పతనమైతే ఆ కీర్తిలో చాలామందికి వాటా ఉంది, ఛాయాగ్రాహకులకు మరికొంత ఎక్కువ వాటా ఉంది. వంశీ ప్రత్యేకత అక్కడ లేదు. ఆయన గోదావరి పటంలో దొరికే నది కాదు, రామచంద్రపురం దగ్గరి పసలపూడిలో పెరిగిన ఒక కుర్రవాడి బుర్రలో ప్రవహించిన నది. అందులో నీళ్ళు ఎంత నిజమో నీడలూ అంతే నిజం.

ఇటలీవారి ఫెల్లినీని తలచుకోండి. 1973లో ఆయన తీసిన 'అమర్కోర్డ్' ఆయన పుట్టిన రిమినీ పట్టణపు జ్ఞాపకం. కానీ ఆ పట్టణాన్ని ఆయన రోము నగరంలోని చినెచిత్తా స్టూడియోలో సెట్లు వేసి కట్టుకున్నాడు. నిజమైన రిమినీ ఆయనకు అక్కర లేకపోయింది. ఆ చిత్రాన్ని చూసి "రిమినీ ఎంత బాగుందో" అని ప్రపంచంలో ఎవరూ మురిసిపోలేదు, ఆ కల్పనాశక్తిని చూసి ముక్కున వేలేసుకున్నారు. మనం మాత్రం మన కల్పనాశీలిని పట్టుకుని కొబ్బరిచెట్లు లెక్కపెడుతున్నాం.

ఈ లెక్కలో మరో అన్యాయం ఉంది. గోదావరి డెల్టా అంటే పచ్చటి చేలూ, లాంచీ రేవూ, పూతరేకులూ, వెటకారమూ అని స్థిరపడిపోయింది. 'లేడీస్ టైలర్' విడుదలైన 1986లోనే, ఆగస్టు నెలలో, ధవళేశ్వరం ఆనకట్ట వద్ద 35 లక్షల క్యూసెక్కుల వరద పోటెత్తి లంకలను ముంచేసింది. 1996 నవంబరులో తుపాను కోనసీమలో కొబ్బరితోటలను నేలకు పరిచి వందలాది ప్రాణాలను బలి తీసుకుంది. 2011లో అదే కోనసీమ రైతులు గిట్టుబాటు లేక పంట విరామం ప్రకటించి చేలను బీడు పెట్టారు. పోస్టుకార్డు మీద ఈ మూడింటికీ చోటు లేదు. వంశీ వీటిని ఎందుకు తీయలేదని నేను అడగడం లేదు. ఎవరు ఏమి తీయాలో చెప్పడం విమర్శకుడి పని కాదు. నా ఫిర్యాదు వేరు. ఆయన తీసిన వాటిలోనే ఉన్న చీకటినీ ఆకలినీ భయాన్నీ శుభ్రంగా కడిగేసి, మిగిలిన పచ్చదనాన్ని ఫ్రేము కట్టుకున్నది మనం. 'మా పసలపూడి కథలు' స్వాతి వారపత్రికలో బాపు బొమ్మలతో వస్తున్నప్పుడు చదివినవారికి తెలుసు, ఆ కథల్లో తిండి ఎంత ఉందో మోసమూ మరణమూ అంతే ఉన్నాయి. చాలామందికి గుర్తున్నది తిండే.

ఇక రెండో రాయి, నవ్వు. వంశీ చిత్రాల్లో ప్రతి చిన్న పాత్రకూ ఒక తిక్క ఉంటుంది. ఒకడికి ఒక ఊతపదం, ఇంకొకడికి ఒక పిచ్చి కోరిక, మరొకడికి ఏ అర్థమూ లేని ఒక అలవాటు. దీన్ని "కామెడీ ట్రాకు" అనుకుని ముక్కలు కోసి చూసేవారు అసలు విషయం పోగొట్టుకుంటున్నారు. తోలుబొమ్మలాట చూసినవారు గుర్తు తెచ్చుకోండి. రామాయణం నడుస్తూ ఉంటుంది. రావణుడు గర్జిస్తూ ఉంటాడు. మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా కేతిగాడూ దూరిపోయి నానా రభసా చేస్తారు. వాళ్ళకు కథతో పని లేదు. కానీ వాళ్ళు లేకపోతే ఆ తెర బతికిన తెర కాదు. వంశీ ఉపపాత్రలు ఆ వంశంలో పుట్టినవని నా నమ్మకం. అధివాస్తవికత పాశ్చాత్యుల సొత్తనీ, మనకున్నది వట్టి చమత్కారమేననీ అనేవారికి ఇదే నా జవాబు. ఫ్రాన్సులో ఎవరో ప్రకటన రాయకముందే మన ఊళ్ళలో దీపం వెనుక ఆ పని జరిగిపోయింది.

కనుక నా తక్కెడకు వేరే రాళ్ళు పెట్టుకున్నాను. దర్శకుడు సృష్టించిన లోకం తన సొంత నియమాల మీద తాను నిలబడుతోందా? మాట చెప్పలేనిది బొమ్మా శబ్దమూ చెబుతున్నాయా? నవ్వు కింద ఎక్కడైనా నొప్పి ఉందా? వీటికి తోడు ఒక షరతు. ఊహాశక్తిని కొలుస్తున్నాం కాబట్టి కథ కూడా అరువు కాకూడదు. అందుచేత ఎంత ఇష్టమైనవైనా రెండు చిత్రాలు పందెంలోకి రావు. 'మంచుపల్లకి' (1982) తమిళ 'పాలైవన సోలై'కి తెలుగు రూపం. 'చెట్టు కింద ప్లీడరు' (1989) మలయాళ 'తంత్రం' నుంచి వచ్చింది. రెండింటిలోనూ వంశీ ముద్ర ఉంది, కానీ పునాది వేరొకరిది.

ఇప్పుడు నా వరుస, కింది నుంచి పైకి.

ఐదో స్థానం 'లేడీస్ టైలర్' (1986). రాళ్ళు పడతాయని తెలిసే రాస్తున్నాను. బద్ధకస్తుడైన సుందరానికి కోయదొర జోస్యం చెప్పడం, తొడ మీద పుట్టుమచ్చ ఉన్న ఆడదాని కోసం ఊరంతా గాలించడం, దాని కోసం కుట్టుమిషనే వలగా మారడం, ఇది అచ్చమైన జానపద కథా బీజం. రాజేంద్రప్రసాద్, మల్లికార్జునరావు, శుభలేఖ సుధాకర్ కలిసి నడిపిన ఆ ఊరి లోకం ఎక్కడా బీటలు వారదు. తనికెళ్ళ భరణి మాటలు డెల్టా యాసను గేలికి కాక వాడుకకు తెచ్చాయి. ఇవన్నీ నిజమే. కానీ ఆ ఊళ్ళో ఆడవాళ్ళకు కోరికలు లేవు, కొలతలే ఉన్నాయి. చిత్రం సుందరాన్ని చూసి నవ్వుతుంది నిజమే, అర్చన పోషించిన సుజాత వచ్చాక బొమ్మకు కొంచెం వెన్నెముక వస్తుంది. అయినా అంతవరకూ కెమెరా సుందరం పక్షమే. నవ్వు కింద నొప్పి వెదికితే అది ఆ మోసపోయిన ఆడవాళ్ళ దగ్గర దొరకాలి. చిత్రం అటు వెళ్ళదు.

నాలుగో స్థానం 'ఏప్రిల్ 1 విడుదల' (1991). అబద్ధాల పుట్ట అయిన దివాకరం తాను ప్రేమించిన భువనేశ్వరి కోసం ఏప్రిల్ ఒకటి దాకా నిజమే చెప్పాలి. షరతు ఇంతే. పైకి హాస్యకథ. లోపల చూస్తే ఇదొక శాపం కథ. ఒక మనిషి నిజం మాట్లాడడం మొదలుపెట్టగానే ఇరుగుపొరుగు ఇళ్ళ గుట్లు ఒక్కొక్కటే వీధిన పడతాయి. ఊరు మొత్తం ఎన్ని అబద్ధాల మీద హాయిగా నిద్రపోతున్నదో తెలిసిపోతుంది. మాయలూ మంత్రాలూ లేకుండానే ఒక చిన్న నియమంతో లోకాన్ని తలకిందులు చేయడం అసలైన కల్పన. 'లేడీస్ టైలర్' కన్నా దీన్ని పైన పెట్టడానికి కారణం కూడా అదే. అక్కడ మనం సుందరాన్ని చూసి నవ్వుతాం. ఇక్కడ నవ్వుతూ నవ్వుతూ ఉండగా మన ఇంటి గుట్టు గుర్తుకొస్తుంది.

మూడో స్థానం 'సితార' (1984). వంశీ తన నవల 'మహల్లో కోకిల'ను తానే తెరకెక్కించాడు. పూర్ణోదయా సంస్థ తీసిన ఈ చిత్రానికి తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. గాయనిగా ఎస్. జానకికీ, కూర్పరిగా అనిల్ మల్నాడ్‌కూ అదే ఏడాది జాతీయ పురస్కారాలు దక్కాయి. కూర్పుకు పురస్కారం రావడం చాలామంది దాటేసే వివరం, నాకు మాత్రం ముఖ్యమైన వివరం. వంశీ పాటలో కథ ముందుకు నడవదు, కాలం ముక్కలై తిరుగుతుంది. గజ్జె, దీపం, కన్ను, నీటిమీద నీడ, ఒకదాని మీద ఒకటి తాళానికి తగ్గట్టు పడతాయి. ఇళయరాజా వాద్యాలకు ఆయన బొమ్మలతో బదులు చెబుతాడు. కూలిపోతున్న జమీందారీ మహలు, కోర్టు వ్యాజ్యంలో కరిగిపోతున్న అన్న, పరువు పేరిట తలుపుల వెనుక బందీ అయిన కోకిల, గోడ అవతల పగటివేషగాళ్ళ రాజు. ఈ భాగం తెలుగు సినిమాలోనే అరుదైన కల. కానీ ఆ కోకిల సినీతార సితారగా మారిన మదరాసు భాగంలో కల చెదిరి మామూలు కథనం మొదలవుతుంది. సగం చిత్రం నిద్రలో నడిపించి సగం చిత్రం మెలకువలో నడిపించినందుకే దీనికి మూడో స్థానం.

రెండో స్థానం 'అన్వేషణ' (1985). ఇందులో గోదావరి లేదు. వరిచేలు లేవు. పూతరేకులు లేవు. అప్పటి చిత్తూరు జిల్లాలోని తలకోన అడవి ఉంది. కార్తీక్, భానుప్రియ, రాళ్ళపల్లి ఉన్నారు. వరుసగా మనుషులు చనిపోతుంటారు, పులి చంపుతోందని అందరూ నమ్ముతుంటారు. ఈ హత్యల నడుమ ఒక అమ్మాయి పక్షుల కూతల్లో స్వరాలు వెదుక్కుంటూ తిరుగుతుంది! ఏ మామూలు దర్శకుడైనా నేర పరిశోధన కథలోకి ఇలాంటి నాయికను తెస్తాడా? తెచ్చి, ఆ పరిశోధనను భయానికి ఆయువుపట్టుగా మారుస్తాడా? ఈ చిత్రంలో చెవి ముందు భయపడుతుంది, కన్ను ఆ తరువాత. ఎం.వి. రఘు కెమెరా చెట్ల మధ్య దూరాన్ని కొలవనివ్వదు. చివర చిక్కుముడి విప్పేటప్పుడు కొంత తొందర కనిపిస్తుంది, కాదనను. అయినా "గోదారి లేకపోతే వంశీ లేడు" అనే సిద్ధాంతాన్ని ఒక్క దెబ్బతో కూల్చడానికి ఈ చిత్రం చాలు. అందుకే కాబోలు, ఆ సిద్ధాంతం చెప్పేవారు దీన్ని పాటలకే పరిమితం చేస్తారు.

మొదటి స్థానం 'శ్రీ కనకమహాలక్ష్మి రికార్డింగ్ డాన్స్ ట్రూప్'. 1980ల చివర వచ్చింది, వచ్చినప్పుడు పెద్దగా ఆడలేదు. రికార్డింగ్ డాన్సు అంటే తెలియని కొత్త తరం వారి కోసం ఒక మాట. జాతరలకూ సంక్రాంతికీ తీర్థాలకూ వేదిక కట్టి, సినిమా పాటల రికార్డు వేసి, దానికి తారల వేషాలు కట్టుకుని ఆడే ఆట అది. అసలు నటుణ్ణి చూసే భాగ్యం లేని ఊరికి నకలు నటుడే దేవుడు. రాత్రి చప్పట్లు కొట్టిన పెద్దమనుషులే పగలు ఆ ఆడపిల్లలను వేలెత్తి చూపేవారు. అశ్లీలమంటూ పోలీసులు ఆపించిన ఆటలూ కొల్లలు.

ఇప్పుడు ఆలోచించండి. సినిమా తీసేవాడు, సినిమాను అనుకరించి పొట్టపోసుకునే మనుషుల మీద సినిమా తీశాడు. అద్దంలో అద్దం పెట్టాడు. 1986లో ఫెల్లినీ 'జింజర్ అండ్ ఫ్రెడ్' తీశాడు. హాలీవుడ్ నాట్యజంట ఫ్రెడ్ అస్టేర్, జింజర్ రోజర్స్‌లను అనుకరించి బతికిన ఇద్దరు ముసలి నర్తకుల కథ అది. ప్రపంచం ఆ చిత్రాన్ని గురించి వ్యాసాలు రాసుకుంది. కొద్దికాలం తేడాతో మన డెల్టాలో ఒక దర్శకుడు అదే గుండెకాయను తన సొంతంగా కనుక్కున్నాడు. మనం మాత్రం "భలే కామెడీ" అని ఊరుకున్నాం.

నరేష్, మాధురి ఇందులో నాయికానాయకులు. వాళ్ళు తారల్లా మెరవరు, మెరవాలని తాపత్రయపడే మనుషుల్లా ఉంటారు. తనికెళ్ళ భరణి దొరబాబు నవ్విస్తూనే ఒళ్ళు జలదరింపజేస్తాడు. రంగు పూసుకున్న ముఖాలు, గుడ్డి వెలుతురు, చవకబారు తళుకుల బట్టలు, వాటి వెనుక అప్పులూ ఆకలీ. నా మూడు రాళ్ళూ ఇక్కడ సమంగా తూగుతాయి. లోకం సొంతం, నియమాలు సొంతం. మాటల కన్నా వేషాలు ఎక్కువ మాట్లాడతాయి. నవ్వు కింద నొప్పి వెదకక్కర లేదు, నవ్వే నొప్పి. గోదావరి ఉందా అంటే ఉంది. పోస్టుకార్డులో పడని మనుషుల గోదావరి ఉంది.

'మహర్షి' (1987) ఏదీ అని అడిగేవారికి జవాబు చెప్పాలి. ఒక మనిషి మతి తప్పడాన్ని లోపలి నుంచి చూపించడంలో వంశీ ఇంత దూరం మరెక్కడా వెళ్ళలేదు. ఆ ఉన్మాదపు బొమ్మలకు నేనూ ముగ్ధుణ్ణే. అయితే ఆ అమ్మాయి "వద్దు" అన్న మాటకు చిత్రం ఎంత విలువ ఇచ్చింది? మహర్షి అహంకారి అని చిత్రం చెబుతుంది, శిక్ష కూడా వేస్తుంది. కానీ కన్నీళ్ళన్నీ అతనికే కేటాయిస్తుంది. కెమెరా అతనితో పాటు పిచ్చిదవుతుంది, ఆమె మాత్రం అతను తల బాదుకునే గోడగా మిగిలిపోతుంది. ప్రేమ నిరాకరించినందుకు ఆడపిల్లల మీద దాడులు జరిగిన కథనాలు ఎన్నో చదివిన నేల ఇది. ఆ చిత్రాన్ని "అజరామర ప్రేమకావ్యం" అనడం నాకు చేతకాదు. గొప్ప శైలి, వంకర న్యాయం. అందుకే ఐదింటిలో చేర్చలేదు.

'ఔను వాళ్ళిద్దరూ ఇష్టపడ్డారు' (2002) ఆరో స్థానానికి అర్హం. ఒకే గది పగలు ఒకరికీ రాత్రి ఒకరికీ అద్దెకివ్వడం, ముఖం చూడని మనిషి వస్తువులతో కలిసి బతకడం ఎంతో చక్కటి ఊహ. ఆ తరువాతి చిత్రాలలో ఆ ఊహ పలచబడింది. 'గోపి గోపిక గోదావరి' (2009) పేరులోనే నది ఉంది. 'ఫ్యాషన్ డిజైనర్ సన్నాఫ్ లేడీస్ టైలర్' (2017) పేరులోనే పాత విజయం ఉంది. ఈ పేర్లు ఎవరు కోరితే వచ్చాయి? "మళ్ళీ ఆ గోదారి, మళ్ళీ ఆ టైలరు" అని కోరిన అభిమానగణం కోరితే వచ్చాయి. తప్పుడు తక్కెడ వల్ల జరిగే నష్టం ఇదే. ప్రేక్షకులు దేన్ని మెచ్చుకుంటారో కళాకారుడి చేత దాన్నే మళ్ళీ మళ్ళీ చేయిస్తారు. 'అన్వేషణ'ను దర్శకత్వం కోసం మెచ్చుకుని ఉంటే మరో రెండు అన్వేషణలు వచ్చి ఉండేవేమో. 'ట్రూప్'ను ఆదరించి ఉంటే ఆ దారి మూసుకుపోయేది కాదేమో.

"కళను తూచడమేమిటి, ర్యాంకులేమిటి" అనే మిత్రులు కొందరుంటారు. పెద్దమనిషి తరహా అభ్యంతరమే. కానీ తూకం మీరు వేసినా వేయకపోయినా లోకం వేస్తూనే ఉంటుంది. టీవీ వారు ఏది తరచు వేస్తారు, ఏ నెగటివును శుభ్రం చేసి కొత్త ప్రింటు తీస్తారు, ఏది బూజుపట్టిన డబ్బాలో వదిలేస్తారు అన్నవన్నీ ఈ జాబితాల మీదే ఆధారపడతాయి. పాత తెలుగు చిత్రాల నెగటివులకు మన దగ్గర జరిగిన మర్యాద అందరికీ తెలిసిందే. జాబితాలో అట్టడుగున ఉన్నదే ముందు మాయమవుతుంది.

"నువ్వు చెప్పేదంతా మేధావుల గోల, వంశీ సినిమా చూసి హాయిగా నవ్వుకుంటే చాలదా" అనేవారికి కూడా ఒక మనవి. నవ్వండి. నేనూ నవ్వుతాను. కానీ డెల్టా మనుషులంటే నవ్వించడానికే పుట్టినవారన్న భావన ఎంత దూరం పోయిందో గమనించండి. తెర మీద గోదావరి యాస వినిపించగానే హాల్లో నవ్వు సిద్ధంగా ఉంటుంది, ఆ పాత్ర ఏడుస్తున్నా సరే. ఆ యాసలో భయాన్నీ ఉన్మాదాన్నీ ఆకలినీ ఊహించగలిగిన దర్శకుడు మనకు ఒకడు దొరికాడు. ఆయన్ను కూడా నవ్వుల ఖాతాలో రాసేస్తే, ఆ నేలకు తెరమీద ఇంకో ముఖం మిగలదు.

నా వరుస మీకు నచ్చకపోవచ్చు. 'సితార' పైన ఉండాలనో, 'మహర్షి'కి అన్యాయం చేశాననో వాదించండి, వింటాను. కానీ వాదించే ముందు ఒక పని చేయండి. 'శ్రీ కనకమహాలక్ష్మి రికార్డింగ్ డాన్స్ ట్రూప్'ను ముక్కలుగా కాదు, పేర్లు పడినప్పటి నుంచి శుభం కార్డు దాకా ఒక్క బిగిన చూడండి. చూశాక కూడా అది కామెడీ సినిమా మాత్రమే అనిపిస్తే అప్పుడు చెప్పండి, తీరిగ్గా పోట్లాడుకుందాం.